మా ఇంటి పటంలో కుడి చివర నిలబడిన పిల్ల ఎవరు?

పెన్నఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతూ ఉన్నానే గాని రాయడం ఇదే మొదటిసారి. మాది కోవూరు. మా తాత కాలంలో మాది ఉలవపాడు దగ్గర ఒక పల్లె. ఆ పల్లె ఇంటి వసారాలో తీయించిన ఫోటో ఒకటి మూడు తరాలుగా మా ఇంటి గోడ మీద ఉంది. దానిని గురించి రెండు సంగతులు అడగాలని వచ్చాను.

మొదటిది పనికి సంబంధించినది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయినప్పుడు మా ఇంట్లోకి కూడా మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. పటం ఎత్తులో ఉండడం వల్ల మునగలేదు కాని, గోడ చెమ్మ ఆరడానికి రెండు నెలలు పట్టింది. ఆ తరువాత చూస్తే ఫోటో కింది భాగం అద్దానికి అతుక్కుని, అక్కడక్కడా నూనె పూసినట్టు మెరుస్తూ కనిపించింది. అప్పటినుంచి దానిని ముట్టుకోవడానికి భయపడుతున్నాను.

రెండవది అసలు విషయం. మా నాయన పోయిన కార్తీకంలో కాలం చేశారు. వచ్చే సంవత్సరీకానికి బంధువులందరూ వస్తారు కాబట్టి ఈ ఫోటోకు ఐదు ప్రతులు తీయించి తలా ఒకటి ఇవ్వాలని అనుకున్నాము. ఫోటోలో పదకొండు మంది ఉన్నారు. నడుమ కుర్చీలలో ముత్తవ్వ, తాత, అవ్వ. అవ్వ ఒడిలో మా నాయన. వెనుక పెదనాయన, చిన్నతాత, చిన్నవ్వ. ముందు చాప మీద మా మేనత్త, చిన్నతాత కొడుకులిద్దరు. వీరు పదిమంది. పదకొండవది కుడి చివర, అవ్వ కుర్చీ వెనుకకోడు పట్టుకుని, అందరికన్నా అర అడుగు వెనుకగా నిలబడిన పదేళ్ళ పిల్ల. ఆ పిల్ల ఎవరో మా అమ్మకు తెలియదు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1986లో. నాయనను అడగాలని నాకు ఎన్నడూ తోచలేదు. రోజూ చూసే పటం కదా, అందులో తెలియనివారు ఉన్నారన్న సంగతే నాకు తెలియలేదు.

ప్రతుల కోసం వెళ్ళిన స్టూడియోలో కుర్రవాడు, "ఎవరో తెలియని మనిషి ఎందుకు సార్, తీసేస్తే ఫ్రేము నిండుగా వస్తుంది" అన్నాడు. నేను దాదాపు సరేనన్నాను. ఇంటికి వచ్చాక మనసు ఒప్పుకోలేదు. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

పటాలకొట్టు, ఆదివారం రాత్రి 9:52

నేను ఒంగోలులో ముప్పై నాలుగేళ్ళుగా పటాలు కడుతున్నాను. అంతకు ముందు ఆరేళ్ళు స్టూడియోలో డార్క్‌రూము పని చేశాను. మీ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పదగినవాడిని కాను గాని, మొదటి దానికి గట్టిగా చెబుతాను: ఆ ఫోటోను అద్దం నుంచి లాగకండి.

పాత ఫోటోలో కాగితం మీద జిగురు పొర ఒకటి ఉంటుంది. దానిని గెలాటిన్ అంటారు. ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీసే పదార్థమే. బొమ్మగా కనిపించే వెండి రేణువులన్నీ ఆ పొరలోనే ఉంటాయి. చెమ్మ తగిలితే ఆ పొర ఉబ్బి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, ఆరిన తరువాత అట్లాగే బిగిసిపోతుంది. మీకు మెరుస్తూ కనిపించేది అదే. ఇప్పుడు లాగారంటే ముఖాలు అద్దం మీద ఉండిపోతాయి, మీ చేతికి తెల్లకాగితం వస్తుంది. ఇది నా కళ్ళారా చూసిన సంగతి. ఒక పెద్దాయన తన పెళ్ళి ఫోటోను కొట్టు ముందు నిలబడే ఊడదీశాడు, నేను వద్దనేలోపు అంతా అయిపోయింది. నీళ్ళలో నానబెడితే వస్తుందని కొందరు చెబుతారు. రంగులు అద్దిన ఫోటో అయితే ఆ నీళ్ళలోనే రంగు పోతుంది. వేడిగాలి యంత్రం అసలే వద్దు.

చేయవలసినది ఇది. పటాన్ని బోర్లించి వెనుక ఉన్న చిన్న మేకులు తీసి, చెమ్మ పట్టిన అట్టను తొలగించండి. ఆ అట్టలోని ఆమ్లం ఫోటోను ఇంకా పసుపు చేస్తుంది. ఫోటో అద్దంతోనే ఉండనివ్వండి. అద్దం పైభాగాన్ని పొడిబట్టతో తుడిచి, అద్దంతో సహా కాపీ తీయించండి. కెమెరా పటానికి సూటిగా ఉండాలి, దీపాలు రెండు పక్కలనుంచి ఏటవాలుగా పడాలి, కెమెరా వెనుక నల్లగుడ్డ కట్టాలి. అప్పుడు అద్దంలో తీసేవాడి ముఖం పడదు. ఫోటో కొలత ఎంతో కూడా చెప్పండి.

నెల్లూరోడు_బెంగళూరు, ఆదివారం రాత్రి 10:30

పెన్నఒడ్డు అన్నా, నాది కొంచెం వేరే అభిప్రాయం, తప్పుగా అనుకోవద్దు. ఇప్పుడు కృత్రిమ మేధతో పాత ఫోటోలను బాగుచేయడం నిమిషాల పని. మచ్చలు పోతాయి, రంగులు వస్తాయి, అనవసరమైనది తీసేయవచ్చు. అసలు ఫోటో మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. పంచేవి ప్రతులే కదా. మీ పిల్లలకు ఆ తాత, ఆ అవ్వ ఎవరో తెలియడమే కష్టం. ఇక ఎవరికీ తెలియని పిల్ల ఆ ప్రతిలో ఉంటే ఏమి, లేకుంటే ఏమి? స్టూడియో అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదని నాకు అనిపిస్తున్నది.

కనిగిరి_కోడలు, సోమవారం ఉదయం 6:45

తమ్ముడూ, నువ్వన్నట్టు నిమిషాల పనే కావచ్చు. మా ఇంట్లో జరిగినది చెబుతాను, చదివి నీకు ఎట్లా తోస్తే అట్లా అనుకో.

మా అత్తగారు జీవించిన డెబ్బై రెండేళ్ళలో ఆమెకని విడిగా తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. పెళ్ళిళ్ళలో కెమెరా కనిపిస్తే వంటింట్లోకి వెళ్ళిపోయేది. తప్పనిసరిగా తీసినది రేషను కార్డు కోసం తీసిన కుటుంబ ఫోటో ఒక్కటే. అందులో ఆమె ముఖం కందిగింజంత ఉంటుంది. 2009లో ఆమె పోయినప్పుడు, పెద్దకర్మకు గోడ మీద పెట్టడానికి పటం కావాలని మా మరిది ఆ కార్డు పట్టుకుని స్టూడియోకు వెళ్ళాడు. వాళ్ళు ఆ కందిగింజను పెద్దది చేసి, ముఖానికి తెలుపు పూసి, వెనుక నీలం ఆకాశం పెట్టి, పట్టుచీర కట్టి, మెడలో కాసులపేరు వేసి ఇచ్చారు. చూసినవారందరూ "ఎంత కళగా ఉంది" అన్నారు. మా ఆడబిడ్డ మాత్రం దానికి దండ వేయనంటే వేయనని కూర్చుంది. "కాసులపేరు కొనిపెట్టమని నాయనను ముప్పై ఏళ్ళు అడిగి, పేరంటానికి అరువు తెచ్చుకుని, ఆఖరికి అడగడమే మానేసిన మనిషి మా అమ్మ. ఈమె ఎవరో నాకు తెలియదు" అన్నది.

ఆ పటం ఇప్పటికీ మా దక్షిణపు గోడకు ఉంది. కుంకుమ పెడుతున్నాము. కాని మా ఆడబిడ్డ ఊరి నుంచి వస్తే బీరువా తెరిచి రేషను కార్డు తీసి చూసుకుంటుంది. ఆ కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. బియ్యం కూడా రావు.

పెన్నఒడ్డు, బుధవారం రాత్రి 8:20

పటాలకొట్టు గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేయించాను. ఫోటో వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, ఎత్తు ఆరున్నర. వెనుక అట్ట తీస్తే గోధుమరంగు పొడి రాలింది, చెద కూడా మొదలయ్యింది. ఇంకొక్క ఏడాది ఆలస్యమైతే చర్చించడానికి ఏమీ మిగిలేది కాదు. కాగితం వెనుక ఊదారంగు రబ్బరు ముద్ర ఒకటి ఉంది. స్టూడియో పేరు అలుక్కుపోయింది గాని, కింది వరుస "కందుకూరు, నెల్లూరు జిల్లా" అని స్పష్టంగా చదవవచ్చు. కాపీని ఇక్కడ జతపరుస్తున్నాను. పెద్దది చేసి చూస్తే వసారా స్తంభానికి తగిలించిన క్యాలెండరు కూడా కనిపిస్తున్నది.

నెల్లూరోడు_బెంగళూరు, బుధవారం రాత్రి 8:41

అన్నా, ఒక అనుమానం. కందుకూరు ప్రకాశం జిల్లా కదా. నెల్లూరు జిల్లాలో కలిసింది 2022లో జిల్లాలు మార్చినప్పుడే. మరి ఆ ముద్ర అంత పాతది ఎలా అవుతుంది? ఎవరైనా తరువాత కాపీ తీసి ముద్ర వేసి ఉంటారేమో.

విశ్రాంత_పంతులు, బుధవారం రాత్రి 9:30

బాబూ, నీ అనుమానం సహజమే గాని కందుకూరు కథ నీ వయసు కన్నా పాతది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు వైపు, కర్నూలు నుంచి మార్కాపురం వైపు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు తీసి కలిపారు. దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాయే. మళ్ళీ 2022 ఏప్రిల్ 4న తిరిగి నెల్లూరులో కలిసింది. పుట్టింటికి యాభై రెండేళ్ళ తరువాత వచ్చిన ఆడపడుచు అన్నమాట. కాబట్టి ఆ ముద్ర 1970కి ముందుది.

ఇక క్యాలెండరు. కావలిలో లెక్కల మాస్టరుగా పనిచేసిన అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి చూశాను. నెల పేరులో మొదటి అక్షరం "జ" అని తెలుస్తున్నది. ఒకటవ తేదీ బుధవారం గడిలో ఉంది. ముంగిట ముగ్గులో గొబ్బెమ్మలు, వాటి మీద పూలు ఉన్నాయి కాబట్టి జూన్, జూలై కావు, జనవరే. జనవరి ఒకటి బుధవారం పడిన సంవత్సరాలు 1958, 1964, 1969, 1975. ముద్రను బట్టి 1975 పోయింది. మీ నాయనగారి పుట్టిన సంవత్సరం చెబితే మిగిలినది తేలుతుంది.

పెన్నఒడ్డు, బుధవారం రాత్రి 9:44

బడి రికార్డు ప్రకారం 1961 జూలై 1, మాస్టారూ.

విశ్రాంత_పంతులు, బుధవారం రాత్రి 10:05

జూలై 1 అనగానే నవ్వు వచ్చింది. బడిలో చేర్చే రోజున తల్లిదండ్రులు తిథి చెప్పలేకపోతే మా బోటివాళ్ళమే ఒక తేదీ వేసేవాళ్ళము. ఈ రాష్ట్రంలో సగం మంది జూన్, జూలై నెలల మొదటి రోజున పుట్టడానికి కారణం మేమే. తేదీ అబద్ధమైనా సంవత్సరం ఒకటి అటో ఇటో నిజమే అయి ఉంటుంది. 1958కి ఆయన పుట్టలేదు. 1969 అయితే ఏడేళ్ళు దాటినవాడు తల్లి ఒడిలో కూర్చోడు. ఒడిలో ఉన్నవాడికి రెండున్నర ఏళ్ళు. మీ ఫోటో 1964 జనవరి, సంక్రాంతి నెల పెట్టిన రోజులలో తీసినది.

ఇందులో మరొక లెక్క దాగి ఉంది. ఆ పిల్లకు అప్పుడు పదేళ్ళు అనుకుంటే ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. బతికి ఉండవచ్చు.

పెన్నఒడ్డు, బుధవారం రాత్రి 10:22

సంవత్సరం సరిపోతున్నది మాస్టారూ. మా పెదనాయన భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వెళ్ళింది ఆ ఏడే. కొడుకు అంతదూరం పోతున్నాడని తాత కందుకూరు నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారని, అతను మూడుకాళ్ళ పెట్టె కెమెరాను సైకిలు వెనుక కట్టుకుని వచ్చాడని మా అవ్వ చెప్పేది. పదకొండు మందిలో బూట్లు ఉన్నది పెదనాయనకు ఒక్కరికే. మిగిలినవారందరివీ ఉత్తకాళ్ళు, తాత మాత్రం చెప్పులు విడిచి కుర్చీ కిందకు తోశారు, వాటి ముక్కులు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆ చెప్పులు నేను చూడనేలేదు.

మీరు చివర రాసిన మాట చదివి నిద్ర పట్టడం లేదు.

కలిగిరి_చెల్లి, గురువారం మధ్యాహ్నం 2:15

ఈ చర్చ చదువుతుంటే మా ఇంట్లోని ఒక ఫోటో రాయాలనిపించింది. అది నిజానికి ఫోటో కూడా కాదు, పత్రికలో నుంచి కత్తిరించిన ముక్క.

మాది దూబగుంట వైపు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు నడిచాయి. మా అమ్మ అక్కడే పేరు రాయడం నేర్చుకుంది. ఆ మరుసటి ఏడు సారా అంగళ్ళ ముందు ఆడవాళ్ళు కూర్చోవడం మొదలయ్యింది, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ రోజులలో ఎవరో పత్రికవాళ్ళు వచ్చి తీసిన బొమ్మ అది. ఇరవై మంది ఆడవాళ్ళు అంగడి ముందు నేల మీద కూర్చున్నారు. కింద "ఆందోళన చేస్తున్న మహిళలు" అని ఉంది. ఒక్కరి పేరూ లేదు. మా అమ్మ అందులో వీపు చూపిస్తూ కూర్చుని ఉంది. ఆమేనని నాకు ఎలా తెలుసు అంటే, రవిక వీపు మీద వేరే గుడ్డతో వేసిన అతుకు. ఆ అతుకు వేసింది నేను, ఎనిమిదో తరగతి కుట్టు తరగతిలో నేర్చుకుని.

ఆ ముక్క చూసి మా పిల్లలు "అమ్మమ్మ ముఖం కనిపించదుగా, ఎందుకు దాచావు" అంటారు. పేరు రాయడం నేర్చుకున్న ఏడాదికే పేరు లేకుండా పత్రికలో పడింది మా అమ్మ. అందుకే దాని అంచున ఆమె పేరు ఆమె చేతనే రాయించి పెట్టాను. పెన్నఒడ్డు అన్నా, ఆ పిల్లను తీయవద్దు.

కనిగిరి_కోడలు, గురువారం సాయంత్రం 6:30

మీరు పెట్టిన కాపీని ఇవాళ మా అమ్మాయి కంప్యూటరులో పెద్దది చేసి చూపించింది. మగవాళ్ళు క్యాలెండరు చూశారు, ముద్ర చూశారు. నేను బట్టలు చూశాను. ఆ పిల్ల రవిక గుడ్డా, చాప మీద కూర్చున్న మీ మేనత్త గౌను గుడ్డా ఒకటే. చిన్న చిన్న చుక్కల మధ్య ఆకు బుటా, రెండింటిలోనూ ఉంది. ఒకే తాను నుంచి కోయించి ఇద్దరికీ పండగకు కుట్టించారు. కాకపోతే రవిక ఆ పిల్లకు రెండేళ్ళు పెద్దది. ఎదిగే పిల్లకు కుట్టించినట్టు చేతులు మోచేయి దాటి వేలాడుతున్నాయి.

ఇంకొక సంగతి. ఆ పిల్ల కుడిచేయి కుర్చీ మీద ఉంది, ఎడమచేయి మాత్రం పొగలాగా చెదిరి ఉంది. ముందు మచ్చ అనుకున్నాను. కాదు, చేయి కదిలింది. చేతిలో తాటాకు గిలక్కాయ ఉంది, దాని అల్లిక ఒక పక్కన తెలుస్తున్నది. ఇప్పుడు మీ నాయనగారి కళ్ళు చూడండి. పదిమందీ కెమెరా వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కడే పక్కకు, ఆ గిలక్కాయ వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

పటాలకొట్టు, గురువారం సాయంత్రం 7:05

అమ్మా, మీ కన్ను మా భూతద్దం కన్నా నయం. మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కొలతను ఫుల్ ప్లేటు అంటారు. పెద్ద గాజు పలకను నేరుగా కాగితానికి ఆనించి ముద్రించినదై ఉంటుంది, అందుకే ఇంత పెద్దది చేసినా బుటా కూడా చెదరలేదు. ఆ కెమెరాలతో తీసేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఎవరు కదిలితే వారు చెదిరిపోతారు. పసిబిడ్డలు ఉన్న ఫోటోలకు వాళ్ళే పెద్ద గండం. బిడ్డను కదలకుండా నిలపడానికి పక్కన ఎవరో ఒకరు గిలకో, తాళంచెవుల గుత్తో ఆడించడం మా పనిలో మామూలే. సాధారణంగా వాళ్ళు ఫోటోలో పడరు. ఈ పిల్లను చట్రంలోనే నిలబెట్టారు. పనికోసం పిలిచి ఉంటే బయట నిలబెట్టేవారు. ఎవరో కావాలనే లోపల నిలబెట్టారు.

నెల్లూరోడు_బెంగళూరు, గురువారం రాత్రి 11:50

నేను ఒక పని చేశాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అన్న పెట్టిన కాపీని తీసుకుని ఆ పిల్లను తొలగించి చూశాను. వెనుక స్తంభం, గోడ చక్కగా వచ్చాయి, మచ్చ కూడా లేదు. కాని బాబు ఖాళీ గోడను చూసి నవ్వుతున్నాడు. ఎంత సరిచేసినా ఆ చూపు కుదరలేదు. చివరికి యంత్రమే ఆయన కళ్ళను కెమెరా వైపు తిప్పి ఇచ్చింది. అప్పుడు ఆ ముఖం ఎవరిదో అయిపోయింది.

రెండూ చెరిపేశాను. ఇక్కడ పెట్టడం లేదు. ఆదివారం నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మచ్చలు తీయడం వరకు మాత్రం ఇప్పటికీ తప్పు లేదనే అంటాను.

పెన్నఒడ్డు, ఆదివారం రాత్రి 8:35

శుక్రవారం అత్త దగ్గరికి, నిన్న సింగరాయకొండలో ఉన్న బాబాయి దగ్గరికి వెళ్ళివచ్చాను. ఫోటోలో ఉన్నవారిలో ఇప్పుడు మిగిలింది వాళ్ళిద్దరే. బాబాయి అంటే చాప మీద ఎడమవైపు కూర్చున్న చిన్నతాత పెద్దకొడుకు.

అత్త చూడగానే చెప్పింది: "ముత్తవ్వ తమ్ముడి మనవరాలబ్బయా. పామూరు నుంచి పండక్కి వచ్చింది. ఆ ఎండాకాలమే జరమొచ్చి పోయింది. మీ నాయన్ని చంకన దించేది కాదు." పేరు అడిగితే చాలాసేపు ఆలోచించి, అందరూ పాప అనేవాళ్ళని చెప్పింది.

బాబాయి పటాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, నవ్వి, ఇంకొకటి చెప్పాడు: "బంధువులా పాడా. మన గొడ్లచావిడి పక్క గుడిసెలో ఉండినోళ్ళ బిడ్డరా. పిలకాయలందర్నీ ఆ పిల్లే ఎత్తుకునేది, నన్ను కూడా. ఆ పిల్లను పక్కకు పొమ్మని ఫోటో ఆయన చెయ్యి ఊపితే మీ అవ్వ గమ్మునుండమనింది, ఉండనీ అనింది. తర్వాత వాళ్ళు నాగార్జునసాగరు పనులకు పోయినారు. మళ్ళీ రాలే." ఆ పిల్ల అక్కడెక్కడో పెళ్ళి చేసుకుని ఉంటుందని ఆయన నమ్మకం. పేరు ఆయనకు కూడా గుర్తు లేదు.

ఒకరి మాట ప్రకారం ఆమె మా చుట్టం, అరవై ఏళ్ళ కిందటే లేదు. ఇంకొకరి ప్రకారం చుట్టం కాదు, ఇప్పటికీ ఉండి ఉండవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. అత్తకు అప్పుడు ఆరేళ్ళు, బాబాయికి ఎనిమిది.

కనిగిరి_కోడలు, ఆదివారం రాత్రి 9:12

ఒకే తాను గుడ్డ రెండింటికీ సరిపోతుంది. చుట్టానికీ కుట్టిస్తారు, పండక్కి పనిపిల్లకూ కుట్టిస్తారు. అది తీర్పు చెప్పదు.

ఒక్క మాట అంటాను, మీ అత్తగారిని తప్పుపట్టడం కాదు. పెద్ద ఇళ్ళలో పిల్లలను మోసిన పిల్లలు కాలం గడిచాక చుట్టాలైపోతారు. ఎవరూ కావాలని మార్చరు. "ఎత్తుకుని పెంచింది" అని చెప్పుకుని చెప్పుకుని, అంత ప్రేమగా చూసుకున్నది మనమనిషి కాక మరెవరై ఉంటుందని అనుకుంటారు.

విశ్రాంత_పంతులు, ఆదివారం రాత్రి 9:40

ఆరేళ్ళ జ్ఞాపకం కన్నా ఎనిమిదేళ్ళ జ్ఞాపకం నమ్మదగినదని లెక్క వేయవచ్చు గాని, ఇంట్లో ఆడపిల్లలకు తెలిసిన చుట్టరికాలు గొడ్లచావిడిలో ఆడుకునే మగపిల్లలకు తెలియవు. ఈ లెక్క నాకు తేలలేదు.

నిర్వాహకుడు, సోమవారం ఉదయం 8:00

ఆ కుటుంబాన్ని వెతికేందుకు పల్లె పేరు, ఇంటిపేర్లు ఇక్కడ రాయమని కొందరు కోరారు. వారు ఎవరైనప్పటికీ వారి అనుమతి లేకుండా అటువంటి వివరాలను ఈ వేదికలో ఉంచలేము. తెలిసినవారు పెన్నఒడ్డు గారికి నేరుగా రాయగలరు.

పటాలకొట్టు, సోమవారం ఉదయం 9:25

ప్రతుల విషయం. మంచి నూలు కాగితం మీద తీయించండి. అద్దానికీ ఫోటోకూ మధ్య చుట్టూ అట్ట అంచు ఒకటి పెట్టించండి, రెండూ తగలకూడదు. మళ్ళీ వరద వచ్చినా అంటుకోదు. పేర్లు వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను నొక్కు ముఖాల మీద తేలుతుంది, సిరా చెమ్మకు పాకుతుంది. పాత ఫోటోను అద్దంతోనే ఉంచి, ఆమ్లం లేని అట్ట వేసి, బయటిగోడకు కాకుండా లోపలిగోడకు తగిలించండి. మీరు ఒంగోలు వస్తే నేనే కట్టిస్తాను, కూలి తీసుకోను.

పెన్నఒడ్డు, మూడు వారాల తరువాత, శనివారం రాత్రి 10:15

సంవత్సరీకం జరిగింది. ఐదు ప్రతులు పటాలకొట్టు గారి చేతనే కట్టించాను. కూలి తీసుకోలేదు గాని మా ఉలవపాడు మామిడిపండ్లు కాపుకు వచ్చినప్పుడు ఒక బుట్ట పంపిస్తానని ఒప్పించాను. మచ్చలు మాత్రమే తీయించాము. రంగులు వేయలేదు. పదకొండు మందీ ఉన్నారు.

వెనుక ఎడమనుంచి కుడికి పేర్లు నేనే పెన్సిలుతో రాశాను. పదకొండవ వరుస దగ్గర ఇలా రాశాను: "నాయనను ఆడించిన పిల్ల. పేరు తెలియదు." దాని కింద అత్త చెప్పినది, దాని కింద బాబాయి చెప్పినది, ఎవరు చెప్పారో కూడా రాసి, పేరు ఎప్పటికైనా తెలిస్తే రాయడానికి రెండు వేళ్ళంత చోటు విడిచాను.

భోజనాలయ్యాక చదివి వినిపించాను. అత్త అంతా విని, "రెండూ రాసినావా, మంచిదే" అన్నది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే బాబాయి, "నాదెందుకు కింద రాసినావురా? నేను పెద్దోణ్ణి గదా" అన్నాడు. అరగంట సేపు ఆ చావిడి, ఆ పామూరు, ఆ జ్వరం, ఆ సాగరు పనులు అన్నీ మళ్ళీ నడిచాయి. చివరికి రబ్బరు తెచ్చి బాబాయి ప్రతిలో ఆయన మాట పైకి తెచ్చాను, అత్త ప్రతిలో అత్త మాట పైననే ఉంచాను. మిగిలిన మూడింటిలో ఎవరిది పైన ఉండాలో మా అమ్మ ఇంకా తేల్చలేదు.